హెసరఘట్టలో ఒక రోజు

బెంగుళూరు వెళ్ళివచ్చామంటే మనవాళ్ళు ముందుగా అడిగేది, "లాల్‌బాగు చూశారా? విధానసౌధ చూశారా?" అని. కాస్త ఆధునికులైతే ఏ బజారులో ఏమి కొన్నారని అడుగుతారు. నేను 2024 ఆగస్టులో బెంగుళూరు వెళ్ళినప్పుడు ఇవేవీ చూడలేదు. తడిపిన గోతాంలో చుట్టిన పది చచ్చిన మొక్కలను వెంటబెట్టుకొని, మా తమ్ముడితో కలిసి, ఊరికి వాయవ్యంగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న హెసరఘట్ట వెళ్ళాను. తెలుగు పాఠాలు చెప్పుకొనే దానికి అక్కడేం పని అంటారేమో. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా పుట్టిల్లు మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్యన ఒక చిన్న పల్లె. మదనపల్లె అనగానే ఈ రోజుల్లో అందరికీ టమాటాలు గుర్తుకు వస్తాయి. వెనకటి తరానికి దివ్యజ్ఞాన కళాశాల, 1919లో అక్కడ కొద్దిరోజులు బసచేసి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ ఠాకూరు గుర్తుకు వచ్చేవారు. సముద్రమట్టానికి దాదాపు ఏడువందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కావడంవల్ల కోస్తావాళ్ళకు అది చల్లని సీమ. ఆ చల్లదనాన్ని నమ్ముకొనే అక్కడి రైతులు టమాటాతోపాటు బీన్సు కూడా పండిస్తారు. మా అమ్మ వాటిని 'బీన్సుకాయలు' అంటుంది. బీన్స్ అనడంలోనే బహువచనం ఉంది, మళ్ళీ కాయలెందుకమ్మా అని నేనంటే, "నీ వ్యాకరణం కూరలోకి రాదులే" అని ఆమె జవాబు.

వరలక్ష్మీవ్రతానికి వెళ్ళిన నాకు ఇంట్లో పండుగ కళ కనిపించలేదు. తమ్ముడు ముభావంగా ఉన్నాడు. మరదలు పేరంటానికి పిలవవలసిన వాళ్ళనుకూడా పిలవలేదు. సాయంత్రం అమ్మే మెల్లగా చెప్పింది. ఆ ఏడాది వాడు వేసిన బీన్సు రెండుసార్లూ పోయిందట. మాఘంలో వేసింది పూతంతా రాలిపోయి కాయ నిలవలేదు. జూలైలో వేసిన ఎకరా మొలిచి మూడు వారాలు తిరక్కుండానే సాలుకు సాలు వాడి పడిపోయింది. రెండుసార్లూ మందుల అంగడివాళ్ళు ఏది చెప్తే అది కొట్టాడు. విత్తనం ఖర్చు, మందుల ఖర్చు, కూలి అన్నీ కలిసి అప్పు పెరిగింది. బోరు పక్కనున్న రెండెకరాలను ఎవరికో గుత్తకు ఇచ్చేసి బెంగుళూరులో ఏదో గోడౌనులో ఉద్యోగానికి పోతానంటున్నాడట.

"ఆ భూమి మీ నాయన రాళ్ళు ఏరి మడిగా చేసింది," అన్నది అమ్మ. అంతకుమించి ఏమీ అనలేదు.

మరునాడు పొద్దున వాడితో కూడా చేనికి వెళ్ళాను. విచిత్రమేమంటే, జూన్‌లో వేసిన కొంచెం ముక్క పచ్చగానే ఉంది. దాన్ని ఆనుకొని జూలైలో వేసినదే చచ్చిపోయింది. ఒకే మన్ను, ఒకే నీళ్ళు, ఒకే విత్తనం. "వేరుకుళ్ళు అన్నారక్కా అంగట్లో. నాలుగుసార్లు మందు పోసినా. ఇంకేం చేయాల?" అన్నాడు. వేరు లాగి చూస్తే నాకు కుళ్ళిన వాసన రాలేదు. నాకు తెలిసిన వ్యవసాయమంతా ప్రబంధాలలోని ఋతువర్ణనలే అయినా, మా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే సహోద్యోగిని ఒకామె ఉంది. ఫోనుచేసి అడిగాను. "ఊహించి లాభంలేదు. మొక్కలను మన్నుతోసహా తీసుకొని హెసరఘట్ట వెళ్ళండి. బీన్సుమీద అక్కడ ఏళ్ళతరబడి పనిచేస్తున్నారు," అన్నది.

అలా బయలుదేరాము. మదనపల్లెనుంచి చింతామణిమీదుగా బెంగుళూరు బస్సు. గోతాము చూసి కండక్టరు, "ఇదేంది, లగేజీనా?" అన్నాడు. "పీనుగులు," అన్నాడు తమ్ముడు. కండక్టరు నవ్వలేదు. లగేజీకి టికెట్టుకూడా కొట్టలేదు.

చింతామణి దారి నాకు ఇష్టం. రాష్ట్రం మారినట్లు బోర్డులమీది అక్షరాలు చెపుతాయేగాని మనుషుల మాట చెప్పదు. ఆ ప్రాంతపు పల్లెల్లో సగం సంభాషణ తెలుగులోనే సాగుతుంది. దగ్గరలోనే కైవారం ఉంది. కైవారం తాతయ్యగా జనం కొలిచే నారాయణప్ప తెలుగులోనూ కన్నడంలోనూ పాడినవాడు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, నేను తెలుగు లెక్చరరునని తెలిసి, తాతయ్య కాలజ్ఞానం గురించి హొసకోట దాకా చెప్పాడు. ఆయనే మా గోతాంలో ఉన్నదేమిటని అడిగి, "ఓ, హురుళికాయా!" అన్నాడు. నాకు తమాషా అనిపించింది. కన్నడంలో హురుళి అంటే ఉలవలు. మనకు ఉలవ ఎక్కడ, బీన్సు ఎక్కడ! కొత్తగా వచ్చిన కాయకు జనం తమకు తెలిసిన పాత గింజ పేరు పెట్టుకొంటారు కాబోలు. మన వాళ్ళు 'ఫ్రెంచి చిక్కుడు' అన్నదీ అట్లాగే. నిజానికి చిక్కుడు వేరే జాతి. మా చిత్తూరువాళ్ళు పితికినపప్పు చేసుకొనే అనపకాయ, బెంగుళూరువాళ్ళు ప్రాణం పెట్టే అవరెకాయ, ఇవన్నీ ఆ చిక్కుడు కుటుంబం. ఈ బీన్సుకు అటు ఫ్రాన్సూ పుట్టిల్లు కాదు, ఇటు ఇండియా కాదు. మెక్సికో ప్రాంతంలో ఒకసారి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఇంకొకసారి, రెండుచోట్ల వేరువేరుగా అడవి తీగనుంచి మనిషి దీన్ని మచ్చిక చేసుకొన్నాడు. కొలంబసు 1492లో సముద్రం దాటిన తరవాతే యూరపు చేరింది. అక్కడినుంచి తెల్లదొరలవెంట మనకు వచ్చింది. బెంగుళూరు దండులో కాపురమున్న దొరలకు తమ కూరలు కావలసివచ్చాయి. ఊరి చల్లదనం అందుకు సరిపోయింది. కారెట్టు, కాబేజీ, బీన్సు, చివరకు మనం బెంగుళూరు వంకాయ అని పిలిచే సీమవంకాయతో సహా ఆ వాతావరణం పుణ్యమే.

మెజెస్టిక్‌లో దిగి ఇంకొక బస్సు ఎక్కాము. యశవంతపురం, జాలహళ్ళి దాటేదాకా నగరం వదిలిపెట్టదు. ఆ తరవాత ఒక్కసారిగా కళ్ళకు విశ్రాంతి. గడ్డిమైదానాలు, నీలగిరి చెట్లు, దూరంగా చెరువుకట్ట. ఈ హెసరఘట్ట చెరువుకు ఒక చరిత్ర ఉంది. బెంగుళూరుకు బావులూ చెరువులూ చాలని రోజుల్లో, శేషాద్రి అయ్యరు దివానుగా ఉన్నప్పుడు, 1894లో అర్కావతి నదికి అడ్డుకట్ట కట్టి ఇక్కడినుంచి నగరానికి నీళ్ళు పంపారు. 1933లో ఇదే నదిమీద దిగువన తిప్పగొండనహళ్ళి జలాశయం వచ్చేదాకా నగరానికి పెద్ద దిక్కు ఈ చెరువే. ఒకప్పుడు ఊరంతటికీ నీళ్ళిచ్చిన చెరువును నేడు పక్షులు చూడడానికి వెళ్ళే వాళ్ళే తలుచుకొంటున్నారు.

భారత ఉద్యాన పరిశోధనా సంస్థ 1967లో ఇక్కడ వెలిసింది. లోపలికి అడుగుపెడితే అది ఆఫీసులా ఉండదు, పెద్ద జమీందారు తోటలా ఉంటుంది. బాటకు అటూ ఇటూ మామిడి, జామ, దానిమ్మ మడులు. గులాబీలు, చామంతులు ఒకవైపు. ఇక్కడ తయారైన రకాలకు అన్నిటికీ ముందు 'అర్క' అని పెడతారు. అర్క అంటే సూర్యుడని మన విద్యార్థులకు నేను చెప్పే పాఠమే. పక్కన పారే నది పేరులోనూ ఆ మాటే ఉంది. విత్తనాల కౌంటరు దగ్గర బోర్డు చదువుతుంటే నాకు ఏదో కావ్యం సూచిక చదువుతున్నట్లు ఉంది. అర్క కోమల్, అర్క సువిధ, అర్క అనూప్, అర్క శరత్, అర్క అర్జున్. ఇవన్నీ బీన్సు రకాలే! "పేర్లు పెట్టినాయన ఎవరో సంస్కృతం చదివినోడే," అన్నాడు తమ్ముడు. రెండు రోజుల్లో వాడు సరదాగా అన్న మొదటి మాట అది.

కీటకాల విభాగంలో మమ్మల్ని ఒకామె కూర్చోమన్నది. యాభై ఏళ్ళు ఉంటాయి. కన్నడమామె, కాని తెలుగు అర్థమౌతుంది, కొంచెం మాట్లాడుతుంది. మేము ఏమి చెప్పబోయినా వినలేదు. "ముందు మొక్క చూస్తాను. తరవాత మీరు చెప్పండి," అన్నది. గోతాము విప్పి, ఒక మొక్క తీసుకొని, నేలకు ఆనుకొని ఉండే కాండం మొదటిని వేళ్ళతో తడిమింది. అక్కడ కాస్త ఉబ్బి, నిలువునా పగులు ఉంది. మేము అది చూసినా పట్టించుకోలేదు. చిన్న చాకుతో ఆ పై చర్మాన్ని ఒలిచింది. లోపల, అన్నపు మెతుకులో మూడోవంతు కూడా లేని గోధుమరంగు గుళికలు నాలుగు అంటుకొని ఉన్నాయి.

"ఇవే మీ వేరుకుళ్ళు," అన్నది.

మా తమ్ముడు కళ్ళు చిట్లించి చూశాడు. రెండో మొక్క ఒలిచింది. అందులో మూడు. మూడో మొక్క వాడే చాకు అడిగి తీసుకొని ఒలిచాడు. ఆరు ఉన్నాయి. వాడి చెయ్యి వణకడం నేను చూశాను.

అదొక ఈగ. బీన్సు ఈగ అని, కాండపు ఈగ అని అంటారు. రెండు మిల్లీమీటర్ల పొడవుండే నిగనిగలాడే నల్లటి ప్రాణి. మన ఇళ్ళలోని ఈగతో పోలిస్తే దోమకన్న చిన్నది. విత్తనం మొలిచి మొదటి రెండు ఆకులూ విచ్చుకోగానే వచ్చి, ఆకు పైభాగాన, తొడిమ దగ్గరగా, ముల్లుతో పొడిచినట్లు పొడిచి గుడ్డు పెడుతుంది. ఆ ఆకులమీద సూదిమొనలాంటి తెల్లని చుక్కలు కనిపిస్తాయి. ఎంతమంది రైతులు వాటిని దుమ్ము అనుకొని ఊరుకొంటారో! నాలుగురోజుల్లోపల గుడ్డు పగిలి పురుగు బయటికి రాదు, లోపలికి పోతుంది. ఈనె వెంబడి తొడిమలోకి, తొడిమలోనుంచి కాండంలోకి, అక్కడినుంచి కిందికి, నేలమట్టం దాకా తొలుచుకొంటూ దిగుతుంది. అక్కడ చర్మం కింద గుళికగా మారి నిద్రపోతుంది. నీళ్ళూ ఆహారమూ పోయే దారి తెగిపోయి పైన మొక్క వాడుతుంది. గుడ్డునుంచి మళ్ళీ ఈగ అయ్యేదాకా సుమారు మూడు వారాలు. అంటే మొక్క వాడిందని రైతు గమనించి మందుల అంగడికి పరుగెత్తేనాటికి పురుగు తన పని ముగించుకొని చర్మం కింద భద్రంగా ఉంటుంది.

"నాలుగుసార్లు మందు కొట్టినా మేడం," అన్నాడు వాడు.

"ఎప్పుడు?"

"వాడిపోయినాక."

ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే మంచిదైంది. తెలిసిన మనుషులు చాలామంది అలాంటప్పుడు ఉపన్యాసం మొదలుపెడతారు. మా వృత్తివాళ్ళం ముఖ్యంగా.

జూన్ ముక్క ఎందుకు బతికిందో, జూలై ముక్క ఎందుకు చచ్చిందో నేను అడిగాను. అప్పుడు ఆమె వరసగా ప్రశ్నలు వేసింది. పక్కన ఏముంది? అలసంద. ఎవరిది? పక్క రైతుది. మాఘంలో వేసిన పాత తీగలను ఏం చేశావు? గట్టున పడేశాను. మొక్కలకు మన్ను ఎగదోశావా? లేదు, కూలీలు దొరక్క కలుపుమందు కొట్టాను. విన్నకొద్దీ విషయం విడివడింది. ఈ ఈగకు బీన్సు ఒక్కటే తిండి కాదు. అలసంద, పెసర, మినుము, సోయా, చిక్కుడు జాతి ఏదైనా దానికి ఇల్లే. పక్క చేనులో అలసంద ఉండగా, జూన్ ముక్క మొలిచేనాటికి ఈగలు కొద్దిగానే ఉన్నాయి. ఆ ముక్కలోనూ, అలసందలోనూ ఒక తరం పెరిగి బయటికి వచ్చేసరికి, సరిగ్గా అప్పుడే జూలై ముక్క మొదటి రెండాకులూ విప్పింది. వచ్చిన ఈగలకు విందు సిద్ధంగా ఉందన్నమాట. ఆలస్యంగా, పాత చేనుకు ఆనుకొని, విడతలువిడతలుగా వేసిన పంటకే ఈ ఈగ దెబ్బ ఎక్కువని ఆమె చెప్పింది.

ఇక మన్ను ఎగదోయడం సంగతి. నాకు అన్నిటికన్న ఇదే ఆశ్చర్యంగా తోచింది. పురుగు కాండం మొదట్లో దారి తెంచినా, మొక్క వెంటనే ఓడిపోదట. తెగిన చోటుకు పైన కాండంనుంచే కొత్తవేళ్ళు వేయడానికి ప్రయత్నిస్తుంది. కాని ఆ వేళ్ళకు మన్ను తగలాలి. మొక్క మొదట్లో కాస్త మన్ను ఎగదోస్తే, చావవలసిన మొక్కల్లో చాలా భాగం ఆ కొత్తవేళ్ళతో కోలుకొంటుంది. మా గోతాంలోని మొక్కల్లో ఒకటి చూపించింది. ఉబ్బిన చోటికి అంగుళం పైన తెల్లని వేళ్ళు రెండు, గాలిలోకి చాచుకొని, అలాగే ఎండిపోయి ఉన్నాయి.

తమ్ముడు ఆ వేళ్ళను చాలాసేపు చూశాడు. "మా నాయన మన్ను ఎగదోసేవాడు. ఎందుకో ఎప్పుడూ అడగలా," అన్నాడు.

మాఘంలో వేసిన పంటదీ చెప్పింది. అక్కడ ఏ పురుగూ లేదు. బీన్సు మరీ చలికీ ఓర్వదు, మరీ వేడికీ ఓర్వదు. పగలు ముప్ఫై డిగ్రీలు దాటి, రాత్రికూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలుతుంది. మాఘం చివర వేస్తే పూత చైత్రంలో వస్తుంది. మదనపల్లె ఎంత చల్లని సీమైనా చైత్రం చైత్రమే. వసంతాన్ని వర్ణించిన కవులెవరూ ఈ సంగతి చెప్పలేదు. ఎండకు రాలిన పూతకు కూడా మా వాడు పురుగుమందే కొట్టాడు. రెండు జబ్బులు వేరు, రెండిటికీ చేసిన వైద్యం ఒకటే.

తరవాత ఆమె మమ్మల్ని ప్రయోగమడుల దగ్గరికి తీసుకొనివెళ్ళింది. ఒక్కొక్క సాలుకు ఒక్కొక్క చీటీ. బీన్సు పువ్వు తనను తానే పరాగసంపర్కం చేసుకొంటుంది కాబట్టి తరతరానికీ రకం మారకుండా ఉంటుంది. శాస్త్రజ్ఞులకు ఇది ఎంత సౌకర్యమంటే, డెన్మార్కులో యోహాన్సెన్ అనే ఆయన 1903లో బీన్సు గింజలను తూచి తూచి శుద్ధవంశం అనే సిద్ధాంతం చెప్పాడు. మనం నేడు నోరారా వాడే 'జీన్' అనే మాటను 1909లో పుట్టించినదీ ఆయనే. మెండెలు కూడా బఠానీల తరవాత బీన్సుతో ప్రయోగాలు చేశాడు. సౌకర్యం అలా ఉంటే, రెండు రకాలను కలపాలంటే మాత్రం ఆ శుద్ధతే అడ్డు. మొగ్గగా ఉన్నప్పుడే, శ్రావణంతో రేకులు విప్పి, కేసరాలు తీసివేసి, వేరే మొక్క పుప్పొడి అద్దాలి. శ్రావణమంటే నెల కాదు, చిన్న పట్టకారు. అలా చేసిన వంద పువ్వుల్లో ఎన్ని నిలుస్తాయో ఆనాటి ఎండను బట్టి ఉంటుంది.

అర్క అనూప్ రకానికి తుప్పు తెగులునూ, ఆకులను మాడ్చే బాక్టీరియా తెగులునూ రెండిటినీ తట్టుకొనే శక్తి ఉంది. తుప్పు తెగులు సోకిన ఆకును వేలితో రాస్తే ఇనుపతుప్పులాగే ఎర్రపొడి అంటుతుంది. పక్క మడిలో ఓర్వలేని రకం వేసి చూపించారు. ఒక సాలు ఎర్రగా మాడి ఉంటే, బారెడు దూరంలో ఇంకొక సాలు ఏమీ ఎరగనట్లు పచ్చగా ఉంది. కాని ఈగను తట్టుకొనే రకం మాత్రం ఇంత సులభంగా చేతికి రాదని ఆమె ఒప్పుకొన్నది. అక్కడ రైతు కాలజ్ఞానమే ఆధారం.

అర్క సువిధకు పీచు లేదు. గృహిణులందరికీ ఈ మాట విలువ తెలుసు. బీన్సుకాయ రెండు కొనలూ తుంచి, రెండువైపులా నార లాగి, ఆ నార వేలికి చుట్టుకొంటూ కథలు చెప్పుకోవడం మా అమ్మకాలపు మధ్యాహ్నాల్లో ఒక భాగం. ఆ నారను కాయలోనుంచే తీసివేసినవాడు న్యూయార్కు రాష్ట్రంలో లెరాయ్ అనే ఊళ్ళో ఉండిన కాల్విన్ కీనీ అనే విత్తనాల ఆసామి. ఏళ్ళ తరబడి నార తక్కువగా ఉన్న మొక్కలనే ఏరి ఏరి విత్తనం కట్టి, పీచులేని బీన్సును బజారుకు తెచ్చాడు. బర్పీ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది 1894లో. హెసరఘట్ట చెరువు కట్టిన ఏడే!

ఆమె ఒక కాయ కోసి, మధ్యకు విరిచింది. టప్పుమని చప్పుడైంది. "ఈ చప్పుడే నాణ్యం," అన్నది. వంగితే గాని విరగని కాయ ముదిరిందన్నా, వాడిందన్నా ఒకటే. పైన గింజల ఉబ్బులు తెలుస్తున్నాయంటే కాయలోని తీపి గింజకు పోయి, తోలుకు పీచు మిగిలిందని అర్థం. పువ్వు పూసిన రెండు వారాల లోపల కోస్తేనే లేతదనం. మూడు నాలుగు రోజులకొకసారి కోత తప్పితే చేనంతా ముదిరిపోతుంది. కోసిన కాయలను ఎండలో కుప్పపోయడం, తూకం పెరుగుతుందని నీళ్ళు చల్లి గోతాల్లో కుక్కడం, ఈ రెండూ కాయకు శత్రువులు. తడిగా మూటకట్టిన కాయమీద తెల్లని బూజు పాకుతుంది. కాయమీద లోతుగా కుంగిన నల్లమచ్చలుంటే అది వేరే తెగులు. విత్తనంతోనే వస్తుంది, కాబట్టి అలాంటి చేనునుంచి గింజ దాచకూడదు. ఇంట్లో ఫ్రిజ్జులో పెట్టే అమ్మలకు ఒక మాట. బీన్సు మరీ చల్లదనానికి కూడా ఓర్వదు. అయిదు డిగ్రీల లోపున నాలుగైదు రోజులు పెడితే తుప్పురంగు మచ్చలు వస్తాయి. మచ్చ వచ్చిందని కూరలవాడిని తిట్టే ముందు మన ఫ్రిజ్జునూ చూసుకోవాలి. అడుగున కూరల అరలో, గుడ్డసంచిలో పెట్టుకొని, రెండు మూడు రోజుల్లో వండుకొంటే మంచిది.

ఇక్కడే ఆమె అడిగిన ఒక ప్రశ్న నన్ను ఇంటికి వచ్చిందాకా వదలలేదు. "కాయ మీదున్నప్పుడు మందు కొడతారా?" అన్నది.

"కాయపురుగు కనపడితే కొడతాము."

"కొట్టినాక ఎన్ని రోజులకు కోస్తారు?"

తమ్ముడు నేలచూపులు చూశాడు. మూడు రోజులకొక కోత ఉన్న పంటలో ఎవరు ఆగుతారు? సీసామీద ఇన్ని రోజులు ఆగవలెనని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఆగితే కాయ ముదురుతుంది, మండీలో ధర పడిపోతుంది.

"మీ ఇంట్లో ఏవి తింటారు?" అన్నది ఆమె. గొంతులో నిష్ఠూరం లేదు, లెక్క అడిగినట్లు అడిగింది.

వాడు జవాబు చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేకపోయింది, నాకు. ప్రతిసారీ నేను అనంతపురం తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ ఒక సంచి నిండా బీన్సు పెట్టి, "ఇవి ఇంటిసాలువి, బయపడవాకు," అంటుంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న మాట. ఇంటికి వేరుగా ఒక సాలు వేస్తారు, దానికి మందు కొట్టరు. అది ప్రేమ అనే అనుకొన్నాను. ప్రేమే. కాని మిగిలిన సాళ్ళు ఎవరి ఇంటికి పోతున్నాయని నేను ఎన్నడూ అడగలేదు. వారంలో అయిదురోజులు నేను అనంతపురం బజారులో కొనే బీన్సు ఏ తమ్ముడి చేనులో ఏ సాలువో!

విత్తనాల కౌంటరులో అర్క సువిధ, అర్క అనూప్ రెండు రకాలూ కొన్నాడు. డబ్బు నేను ఇస్తానంటే ఒప్పుకోలేదు. వెనక్కు వచ్చేటప్పుడు చెరువుకట్టమీద కాసేపు కూర్చొని మరదలు కట్టి ఇచ్చిన పులిహోర తిన్నాము. వాడు జేబులోనుంచి ఒక చీటీ తీసి నాకు ఇచ్చి, ఆమె చెప్పినవన్నీ రాయమన్నాడు. కార్తీకానికి ముందు, ఆశ్వయుజంలో విత్తాలి. ఒకేసారి విత్తాలి, విడతలు వద్దు. పాత తీగలు, పడిమొలిచిన మొక్కలు పీకి తగలబెట్టాలి. అలసంద పక్కన వద్దు. విత్తనానికే మందు పట్టించాలి. మొలక రెండాకులు విప్పిన రోజునుంచి పొద్దున పొద్దున ఆకులమీద చుక్కలకోసం చూడాలి. కొట్టవలసివస్తే అప్పుడే, కాయ పడ్డాక కాదు. రెండు వారాలకు, మళ్ళీ నాలుగు వారాలకు మన్ను ఎగదోయాలి. నా దస్తూరీలో రాసిన ఆ చీటీని వాడు నాలుగు మడతలు పెట్టి ఫోను కవరులో దాచుకొన్నాడు. గోడౌను ఉద్యోగం మాట నేను ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు.

దసరా సెలవుల్లో నేను వెళ్ళేసరికి గట్టున పాత తీగలు లేవు. పక్క చేను అలసంద రైతుతో వాడికి చిన్న రగడ అయిందట. నీ చేను ఈగలు నా చేనికి వచ్చాయంటే ఎవరు నమ్ముతారు? చివరికి ఆయన ఇంట్లోనే ఒక అలసంద మొక్కను గోటితో ఒలిచి చూపించి ఒప్పించాడట. ఆ రైతు తానూ ఒక చీటీ రాయించుకొన్నాడు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. నవంబరు ముసురుకు పల్లపు మూల కొంత మురిగిపోయింది. అక్కడక్కడ కొన్ని మొక్కలు ఈగకు పోనేపోయాయి. కాయ బాగా దిగిన వారంలో మండీలో ధర పడిపోయి, వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. అప్పు తీరలేదు, కొంత తగ్గింది.

డిసెంబరులో ఒక ఆదివారం మదనపల్లెనుంచి వచ్చే బస్సు డ్రైవరు చేత వాడు ఒక సంచి పంపాడు. ఫోనుచేసి, "అక్కా, అందినాయా?" అన్నాడు.

"అందినాయి. ఇంటిసాలువేనా?"

"ఈసారి ఇంటికి వేరే సాలు వేయలా," అన్నాడు వాడు.

నేను సంచి విప్పి ఒక కాయ విరిచాను. ఫోనులో వాడికి ఆ చప్పుడు వినిపించిందో లేదో అడగలేదు. మా అమ్మాయి పక్కన కూర్చొని కొనలు తుంచుతూ, "అమ్మా, దీనికి నార లేదే!" అన్నది.